కళ్లద్దాలు తీసే ఆపరేషన్, మన ఇళ్లలో దాచే మాట

శివకాశి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "పాపకు సంబంధాలు చూస్తున్నాం. కళ్లద్దాలు లేకుండా లేజర్ చేయించవచ్చా?" మేము డాక్టర్లం కాదు, రైల్వేలో కాగితాలు రాసి రిటైరైనవాళ్లం. చదివింది తమిళ మీడియం, తెలుగులో తప్పులుంటే దిద్దండి. కాని ఈ ఆపరేషన్ చరిత్రలో మన ఇళ్లకు కావలసిన పాఠం ఒకటి ఉంది.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని వంపు మారిస్తే చూపు మారుతుంది. 1930ల చివర జపాన్‌లో సాటో అనే వైద్యుడు కార్నియాకు లోపలి వైపు గాట్లు పెట్టి చూపు సరిచేశాడు. మొదట అందరూ సంతోషించారు. లోపలి పొర కణాలు పోతే మళ్లీ పుట్టవని అప్పటికి తెలియదు. ఏళ్లు గడిచాక చాలామందికి కార్నియా ఉబ్బి మసకబారింది. కంటికి చేసిన తప్పు ఆ రోజే కనపడదు, చాలా ఏళ్లకు కనపడవచ్చు.

1949లో బరాకేర్ అనే వైద్యుడు కార్నియాను చెక్కి వంపు మార్చే పద్ధతి చెప్పాడు. లేజర్ దారి చూపినవారిలో మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. 1981 నవంబరులో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో, పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఎక్సైమర్ లేజర్ ప్రయోగించి చూశారు. చుట్టుపక్కల కాలకుండా శుభ్రంగా కోసింది. 1990 ప్రాంతంలో గ్రీసులో పల్లికారిస్ అనే వైద్యుడు పైపొరను రేకులా లేపి, కింద లేజర్‌తో చెక్కి, మళ్లీ మూసే పద్ధతి తెచ్చాడు. అదే లాసిక్.

లక్షలమందికి ఇది బాగా పనిచేసింది. భయపెట్టడానికి రాయడం లేదు. కాని చెక్కితే కార్నియా పలచబడుతుంది. పుట్టుకతోనే బలహీనమైన కార్నియా దాన్ని తట్టుకోలేదు. లాసిక్ తరువాత కార్నియా ముందుకు సాగిపోయిన సంగతిని 1998లో జర్మనీ వైద్యుడు జైలర్ లోకానికి తెలిపాడు. కార్నియా శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనే జబ్బు కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. మార్ఫాన్, ఎహ్లర్స్ డాన్లోస్ వంటి అరుదైన జన్యు జబ్బులున్నవాళ్లకు ఒంట్లోని బంధన కణజాలమే బలహీనం. అందుకే వీళ్ల విషయంలో డాక్టర్లు వెనక్కి తగ్గుతారు.

ఇంకొక రకం మరీ మోసకారి. గ్రాన్యులర్ డిస్ట్రోఫీ రెండో రకంలో తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ జన్యువు వస్తే చాలు. కార్నియాలో నాలుగు తెల్ల చుక్కలు తప్ప బయటికి ఏమీ తెలియకపోవచ్చు. లాసిక్ చేస్తే ఆ చుక్కలు పెరిగి చూపును కమ్మేస్తాయి. ఆ జన్యువును 1997లో కనుక్కున్నారు.

ఇక మన సంగతి. మనలో మేనరికం, అక్క కూతురిని చేసుకోవడం తరతరాలుగా ఉంది. ఒకే తాత దగ్గరి చెడ్డ జన్యువు అటునుంచీ ఇటునుంచీ వచ్చి ఒక బిడ్డలో కలిసే అవకాశం అందులో ఎక్కువ. మాక్యులర్ కార్నియల్ డిస్ట్రోఫీ అలా రెండు వైపుల నుంచి వచ్చే జబ్బు. వయసు పెరిగేకొద్దీ కార్నియా మంచుపట్టినట్టు అవుతుంది. దాని జన్యువు 2000లో దొరికింది. 2003లో దక్షిణ భారత కుటుంబాల మీద పరిశోధనలు వెలువడ్డాయి. దానికి లాసిక్ మందు కాదు. ముదిరితే కార్నియా మార్పిడే. వంశంలో వచ్చే రేచీకటి కూడా అంతే. జబ్బు లోపలి రెటీనాది, పైన చెక్కితే ఏం లాభం?

మా ఇంటి మాట చెబుతాము. మా చిన్నమ్మ కొడుక్కి ఇరవై ఏళ్లకే ఏటేటా అద్దాల నంబరు మారేది. పెద్దవాళ్లు ఒంటి వేడి అని ఆముదం రాశారు. చివరికి ఒక కంటికి కార్నియా మార్చారు. అడిగినవాళ్లకు "చిన్నప్పుడు కోడి పొడిచింది" అని చెప్పాలని ఇంట్లో కట్టు. చెల్లెళ్ల పెండ్లిళ్లు ఆగిపోతాయని భయం.

చాలా ఏళ్ల తరువాత మా తమ్ముడి కూతురికి లేజర్ చేయించాలని వెళ్లాము. "మీ వంశంలో కంటి జబ్బు ఎవరికైనా ఉందా?" అని డాక్టరు అడిగాడు. తమ్ముడు లేదన్నాడు. పక్కన కూర్చున్న మేమూ నోరు తెరవలేదు. సంబంధం మాట్లాడుతున్న రోజులవి. కార్నియా ఆకారం కొలిచే స్కాన్‌లో ఒక కన్ను తేడాగా కనపడి, ఆయన మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. అప్పుడు చెప్పాము. ఆపరేషన్ వద్దన్నాడు. బయటికి వచ్చాక ఆ పిల్ల అడిగింది: "పెద్దనాయనా, నీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?" ఈ రోజుకీ మా దగ్గర జవాబు లేదు. పిల్ల అద్దాలతోనే పెండ్లి చేసుకుంది, బాగుంది.

ఎట్టయపురం దగ్గర అయన్ వడమలాపురంలో 1918లో పుట్టిన డాక్టర్ వెంకటస్వామి, కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. రిటైరయ్యాక 1976లో మదురైలో పదకొండు పడకలతో అరవింద్ మొదలుపెట్టారు. మన కరిసల్ నేల అలాంటి వైద్యుణ్ణి ఇచ్చింది. మనం వైద్యుడికి నిజం కూడా ఇవ్వలేమా?

ఆ తమ్ముడికి మా జవాబు ఇది. తాతల వరకు, మేనమామల వరకు ఎవరికి కార్నియా మార్చారు, ఎవరికి రేచీకటి, ఎవరి నంబరు ఆగకుండా మారింది, ఎవరిది మేనరికం అన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వు. అవసరమంటే జన్యు పరీక్ష ఆయనే చెబుతాడు. వద్దంటే వాదించకు, ఇంకోచోట నిజం దాచి చేయించకు. ఇంకో మాట: లోకో పైలట్ కావాలనే పిల్లలు తొందరపడవద్దు, లాసిక్ చేయించుకున్నవాళ్లను ఆ ఉద్యోగానికి తీసుకోరు.

అద్దాలున్న పిల్లను వద్దనే సంబంధం పోతే పోనీ. కన్ను పోతే తిరిగి రాదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి, తెలిసింది పిల్లలకు చెప్పండి.