రత్నగంధి, చిక్కుడు

రత్నగంధి అందం కోసం పెంచే పూలపొద. చిక్కుడు కూర కోసం పెంచే తీగ. మొదటిదాని శాస్త్రనామం సిసాల్పీనియా పల్కెరిమా, రెండోదానిది లాబ్‌లాబ్ పర్‌ప్యూరియస్. రెండూ ఫాబేసి కుటుంబానివే. సికింద్రాబాదు సీతాఫల్‌మండి లాంటి ఇరుకు వీధుల పేటల్లో నేల కనిపించేది కాస్తే. ఆ కాస్త చోటులోనే గేటు పక్కన రత్నగంధి, ప్రహరీ వారగా పాకిన చిక్కుడు పెంచుకునే ఇళ్లుంటాయి. ఒకటి వీధిన పోయేవాళ్ల కళ్లకు, ఒకటి ఇంట్లోవాళ్ల కంచాలకు. ఇవి చుట్టాలంటే ఎవరూ చప్పున నమ్మరు. రెండింటి ఎండుకాయలు పక్కపక్కన పెడితే మాత్రం వాదన అక్కర్లేదు. చప్పిడిగా, బల్లపరుపుగా ఉండే కాయ, రెండు అంచులా చీలిక, లోపల వరుసగా గింజలు: పోలిక ఎక్కడికీ పోదు.

ఎక్కడి నుంచి వచ్చాయి

బజారులో నాటు చిక్కుడని అడిగి మరీ కొనుక్కునే కాయ పుట్టుక మనది కాదు, ఆఫ్రికాది. దీని అడవి రకాలు ఇప్పటికీ తూర్పు ఆఫ్రికాలో పెరుగుతున్నాయి. దక్షిణ భారతంలోని నవీన శిలాయుగపు ఆవాసాల తవ్వకాల్లో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలతో పాటు మాడిన చిక్కుడు గింజలూ దొరికాయి. అవి క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దికి చెందినవి. ఉలవలు, పెసలు ఈ ఉపఖండంలోనే సాగులోకి వచ్చాయి. వాటి పక్కన చిక్కుడు అప్పటికే బయటి నుంచి వచ్చి కుదురుకున్న అతిథి. మూడు వేల ఏళ్లు దాటిన కాపురం కాబట్టి దాన్ని ఇక నాటు అనడంలో తప్పేమీ లేదు.

తెలుగునాట ఈ పంట రెండు పాయలుగా సాగింది. పెరట్లో పందిరికెక్కించి లేతకాయ కోసుకునేది చిక్కుడు. చేలో వేసి గింజ కోసం పండించేది అనప. చిత్తూరు, అనంతపురం వైపు చలికాలంలో అనపగింజలను నానబెట్టి, వేళ్ల మధ్య పితికి పైపొట్టు తీసి చేసే పితికిపప్పుకు ఉన్న గౌరవం హైదరాబాదు వంటిళ్లలో అంతగా కనబడదు. ఇక్కడ లేతకాయ వేపుడుదే పెత్తనం. బండి మీద బీన్స్ పేరుతో అమ్మే ఫ్రెంచి చిక్కుడు వేరు, అది అమెరికా ఖండపు మొక్క. గోరుచిక్కుడు మరో ప్రజాతి.

రత్నగంధిదీ అమెరికా దారే. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ఉష్ణప్రాంతాలను దీని పుట్టిల్లుగా భావిస్తారు. బార్బడోస్‌కు ఇది జాతీయ పుష్పం. సీతాఫలమూ ఆ ఖండం నుంచి వచ్చిందే కనుక, ఆ పండ్ల మండి పేరు మోస్తున్న పేటలో రత్నగంధి మరీ పరాయిదేమీ కాదు. మలబారు మొక్కలపై డచ్చివారు 1678 నుంచి 1693 వరకు వెలువరించిన హోర్టస్ మలబారికస్ సంపుటాల్లో ఇది కనిపిస్తుంది. అంటే పదిహేడో శతాబ్దం ముగిసేలోగానే పశ్చిమతీరపు తోటల్లోకి చేరిపోయింది.

ఈ పువ్వు చరిత్రలో ఒక చీకటి పుట ఉంది. జర్మనీలో పుట్టిన చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ 1699లో దక్షిణ అమెరికాలోని సురినాం వెళ్లి, 1705లో అక్కడి పురుగుల మీద బొమ్మలతో పుస్తకం వెలువరించింది. డచ్చి యజమానుల కింద బానిసలుగా ఉన్న స్త్రీలు, తమ కడుపున పుట్టే బిడ్డలు బానిసలు కాకూడదని ఈ మొక్క గింజలతో గర్భం పోగొట్టుకునేవారని అందులో రాసింది. ఆ సంగతి ఆమెకు ఆ స్త్రీలే స్వయంగా చెప్పారు. ఐరోపా దేశాలు మొక్కను తోటలకు తీసుకెళ్లాయి గానీ, ఈ వాడకం అక్కడి వైద్యంలోకి రాలేదని చరిత్రకారిణి లోండా షీబింగర్ 2004 నాటి తన గ్రంథంలో చర్చించింది. పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్లలో వరసగా నాటే పొదకు ఇంత గతముందని తెలిసినవాళ్లు తక్కువ.

పేర్లు, వర్గాలు

1753 నాటి గ్రంథంలో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ రత్నగంధిని పోయిన్సియానా ప్రజాతిలో చేర్చాడు. 1791లో స్వార్ట్జ్ దాన్ని సిసాల్పీనియాలోకి మార్చాడు. ఇటలీ వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన ఆండ్రియా సెసాల్పీనో పేరు మీద ఏర్పడిన ప్రజాతి అది. చిక్కుడును కూడా లిన్నేయస్ అదే గ్రంథంలో డోలికోస్ ప్రజాతిలో చేర్చాడు. ఇప్పటి పేరు 1826లో స్వీట్ పెట్టింది.

ఇవి చుట్టాలా కాదా అన్న లెక్క మాత్రం పలుమార్లు మారింది. పందొమ్మిదో శతాబ్దంలో బెంథామ్, హుకర్ ఈ మొక్కలన్నిటినీ ఒకే కుటుంబంగా ఉంచి మూడు శాఖలు చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో హచిన్సన్, క్రాన్‌క్విస్ట్ ఆ శాఖలను మూడు వేరు కుటుంబాలు చేయడంతో రత్నగంధి, చిక్కుడు వేరు పడ్డాయి. 2017లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం డీఎన్‌ఏ ఆధారంగా మళ్లీ ఒకే కుటుంబం కింద ఆరు ఉపకుటుంబాలుగా సర్దింది. దాని ప్రకారం రత్నగంధి సిసాల్పినాయిడే, చిక్కుడు పాపిలియొనాయిడే. బతుకమ్మకు తప్పనిసరి అయిన తంగేడు, 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన ఆ పొద, రత్నగంధి ఉపకుటుంబానిదే. కాబట్టి వరసలో రత్నగంధికి చిక్కుడు కన్నా తంగేడే దగ్గర.

పువ్వు విప్పి చూస్తే

తేడా తేల్చే చోటు మొగ్గ. విప్పారబోయే మొగ్గలో పై రేకు ఎక్కడుందో చూడాలి. రత్నగంధిలో ఆ రేకు అన్నిటికన్నా లోపల ఉంటుంది. చిక్కుడులో అన్నిటికన్నా బయట ఉండి మిగతావాటిని కప్పుతుంది. పాఠ్యపుస్తకం భాషలో మొదటిది ఆరోహక చిక్కు అమరిక, రెండోది అవరోహక చిక్కు అమరిక. సీతాఫల్‌మండిలో రైలెక్కితే తర్వాతి స్టేషన్ ఆర్ట్స్ కాలేజీ. ఆ స్టేషన్ పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఈ తేడా ఇప్పటికీ నోటికి వస్తుంది.

విచ్చాక రత్నగంధి పువ్వులో నాలుగు రేకులు అంచులు నలిగి, ఎరుపు మీద పసుపు గీతతో పరచుకుంటాయి. అయిదోది, అంటే లోపలి పై రేకు, చిన్నగా గొట్టంలా చుట్టుకుని మకరందానికి దారి అవుతుంది. పది కేసరాలు రేకులు దాటి చాలా దూరం బయటికి చాచుకుని ఉంటాయి. సీతాకోకచిలుక రెక్కలాడిస్తూ తేనె తాగుతుంటే పుప్పొడి దాని రెక్కలకే అంటుతుంది. ఈ పనితీరును క్రూడెన్, హెర్మన్-పార్కర్ 1979లో వివరించారు. చిక్కుడు పువ్వు తెలుపో ఊదాయో అయి, అంత తెరుచుకోదు. అడుగు రేకులు రెండూ కలిసి పడవలా అయి, లంబకోణంలో వంగి, కేసరాలను లోపల దాచుకుంటాయి. వాటిలో తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడి. బరువైన తుమ్మెద వాలితే పడవ కిందికి వంగుతుంది. తుమ్మెద రాకపోయినా చిక్కుడుకు పెద్ద నష్టం లేదు, చాలావరకు తన పుప్పొడితోనే కాస్తుంది.

పెరటి లెక్క

పాతకాలపు పందిరి చిక్కుడు పగటి పొడవు తగ్గితే గానీ పూయదు. వేసవిలో విత్తితే తీగ మేడెక్కుతుందే తప్ప పూత కనబడదు. ఆషాఢ శ్రావణాల్లో విత్తితే కార్తీకం తర్వాత పూసి, సంక్రాంతికి కాపు జోరందుకుంటుంది. పగటి నిడివి ప్రభావాన్ని గార్నర్, అలార్డ్ 1920లో శాస్త్రానికెక్కించారు; మన పెరళ్లలో ఆ లెక్క పంచాంగం చేతిలోనే ఉండేది. మాఘ శుద్ధ సప్తమినాడు చిక్కుడుకాయలను పుల్లలతో గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నివేదించే రథసప్తమి ఆచారం సరిగ్గా ఈ కాపు కాలంలోనే పడుతుంది. బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ పొద రకాలకు ఈ పట్టింపు లేదు, ఏ కాలంలోనైనా కాస్తాయి. కుండీలకు అవే నయం. రుచి సంగతి వేరు, అందులో నా ఓటు పందిరి చిక్కుడుకే.

రత్నగంధికి ఋతువుతో పెద్దగా పనిలేదు. నీళ్లు, ఎండ ఉంటే ఏడాదిలో ఎక్కువ భాగం పూస్తుంది. వేళ్ల దగ్గర కథ తిరగబడుతుంది. చిక్కుడు వేళ్లపై బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. రత్నగంధికి ఆ బుడిపెలు లేవు, మట్టిలోని నత్రజనే దిక్కు. చిక్కుడుకు పేనుబంక శాపం: లేత చివుళ్లను, పూగుత్తులను నల్లగా కమ్మేస్తుంది. కట్టెలపొయ్యిల కాలంలో తెల్లవారుజామున మంచు తడి మీద బూడిద చల్లేవారు. ఇప్పుడు సబ్బునీళ్లు కొడుతున్నారు.

పిల్లలున్న ఇంట్లో గుర్తుంచుకోవలసిందొకటి. రత్నగంధి పచ్చికాయ చిక్కుడులా కనిపించినా కూరకు కాదు. ఎండితే చటుక్కున మెలిదిరిగి పగిలి గింజలను దూరంగా చిమ్ముతుంది. ఆకు చూస్తే పొరపాటు రాదు: చిక్కుడుకు మూడు వెడల్పాటి ఆకులు, రత్నగంధికి చింతాకు లాంటి సన్నని ఆకుల బారులు, కొమ్మల మీద అక్కడక్కడ ముళ్లు. చిక్కుడు ఎండుగింజను గుర్తుపట్టించేది దాని అంచున ఉండే తెల్లటి గీత. ఆ ఎండుగింజల్లోనూ సైనైడు పుట్టించే పదార్థాలుంటాయి. నానబెట్టి, బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే వండుకోవాలి.