చదరంగపు గళ్ళ సంఖ్య: మల్లన పద్యంలో గణితం, ఛందస్సు, పాఠనిర్ణయం

పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన ఒక చంపకమాల ఇరవై అంకెల సంఖ్యను భూతసంఖ్యలలో చెబుతుంది. చదరంగపు 64 గళ్ళలో ఒకటితో మొదలుపెట్టి గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం అది: 18446744073709551615. ఇటువంటి రచన లేఖకుల చేతిలో సులువుగా చెదురుతుంది. ఒక్క మాట మారితే సంఖ్యే మారిపోతుంది. మరి మనకందిన పాఠాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

పాఠపరిష్కరణలో ప్రతుల సాక్ష్యమే సాధారణంగా ప్రధానం. ఇక్కడ మరో సాక్షి ఉంది. ఈ సంఖ్య 2 యొక్క 64వ ఘాతానికి ఒకటి తక్కువ. దానిని రెండు వర్గాల భేదంగా చూసి అంచెలంచెలుగా విడదీస్తే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం వస్తుంది. ఇవే మొదటి ఆరు ఫెర్మా సంఖ్యలు. తొలి అయిదూ ప్రధాన సంఖ్యలు. ఈ వరుసలోనివన్నీ అటువంటివేనని ఫెర్మా నమ్మాడు. ఆరవది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ తేల్చాడు.

ఈ కారణాంకాలు పాఠపరీక్షకు పనికివస్తాయి. పద్యంలోని అంకెల మొత్తం 87. కనుక 3తో భాగింపు సరిపోతుంది. అయితే ఒక 7 పొరపాటున 4 అయినా ఈ పరీక్ష పసిగట్టలేదు. 17 అలా కాదు. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా, 17తో నిశ్శేషంగా భాగింపబడదు. వ్యాప్తిలో ఉన్న పాఠం ఈ పరీక్షలకు నిలవడమే కాదు, అసలు విలువతో అంకెకు అంకె సరిపోతుంది.

ఇంత పెద్ద విలువను రాబట్టడానికి 64 మెట్లు ఎక్కనక్కరలేదు. రెండును ఆరుసార్లు వరుసగా వర్గం చేసి ఒకటి తీసివేస్తే చాలు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఇదే సంఖ్యను తన కాలగణన గ్రంథంలో ఇచ్చాడు. అంతమాత్రాన తెలుగు పద్యానికి మూలాన్ని అక్కడ వెతకనక్కరలేదు. వృత్తాల సంఖ్య కోసం పింగళుడు చెప్పిన అర్ధీకరణ, వర్గీకరణ పద్ధతి ఛందశ్శాస్త్రంలో అంతకు ఎంతో ముందే ఉంది.

గణితం అంకెను నిర్ణయిస్తుంది గాని మాటను నిర్ణయించదు. అక్కడ ఛందస్సు అందుకుంటుంది. ఏడుకు 'భూధర', ఎనిమిదికి 'కుంజర' అనే మాటలు పాదాల సంధిలో విరిగి, తరువాతి పాదాలకు రేఫ ప్రాసను ఇస్తున్నాయి. ఆరుకు ఒకచోట 'షట్క', మరొకచోట 'తర్క' వాడడం కేవలం వైవిధ్యం కోసం కాదు. రెండింటి గురులఘుక్రమం ఒకటే అయినా, ధకారంతో మొదలయ్యే రెండవ పాదంలో యతిస్థానాన తకారమే చెల్లుతుంది. నాలుగు అనే అంకె నాలుగుసార్లు వస్తే నాలుగు వేర్వేరు పదాలు వాడిన కవి, అయిదుకు మాత్రం 'శర' శబ్దాన్ని రెండుసార్లు వాడాడు. అదొక చిన్న లోపమని నా అభిప్రాయం.

గణితమూ ఛందస్సూ రెండూ మౌనం వహించే చోటు కూడా ఉంది. రెండవ పాదంలో 'గిరి'కి బదులు 'నగ' అని ఉన్నా విలువ మారదు, గణం చెడదు, యతిప్రాసలకూ భంగం లేదు. అటువంటి పాఠభేదం ఎదురైతే తిరిగి ప్రతుల దగ్గరికే వెళ్ళాలి.