జనగామ ప్రాంతంలో కౌలు, కిరాయి తగాదాలు: న్యాయ సహాయ చరిత్ర

లింగాల ఘనపూర్ మండలం, దాని చుట్టుపక్కల పల్లెలు నిజాం పాలనలో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేవి. అక్కడ కౌలు నోటిమాట మీదే నడిచేది. దున్నేవాడి పేరు లెక్కల్లోకి ఎక్కాలంటే గ్రామ లెక్కలు రాసే పట్వారీ దయ ఉండాల్సి వచ్చేది, పట్వారీ సాధారణంగా పెద్ద భూస్వామి అయిన దేశ్‌ముఖ్ మాట జవదాటేవాడు కాదు. దీర్ఘకాలం సాగు చేసిన కౌలుదారుకు రక్షణ ఇస్తామంటూ 1944-45లో అసామీ షిక్మీ చట్టం వచ్చినా, అది పల్లెలో పేదవాడికి పెద్దగా అక్కరకు రాలేదు.

ఈ ప్రాంతంలో కౌలుదారుకు అండ దొరికిన తొలి ప్రసిద్ధ ఉదంతం పాలకుర్తి చాకలి ఐలమ్మది. మల్లంపల్లి భూస్వామి నుంచి ఆమె కౌలుకు తీసుకున్న భూమిపై విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నుపడింది. పంట కోసుకుపోవడానికి గూండాలను పంపితే సంగం (ఆంధ్ర మహాసభ) కార్యకర్తలు వాళ్లను తరిమి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. తగాదా కోర్టుకెక్కినప్పుడు న్యాయవాది కొండా లక్ష్మణ్ బాపూజీ ఆమె పక్షాన నిలిచారు. తీర్పు ఐలమ్మకే అనుకూలమైంది. పొలంలో సంగం, కోర్టులో వకీలు: ఈ రెండిట్లో ఏ ఒక్కటి లేకున్నా ఆ భూమి దక్కేది కాదు. 1946 జులై 4న కడవెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం పోవడంతో దేశ్‌ముఖ్‌లపై రైతుల పోరాటం సాయుధ రూపం దాల్చింది.

ఆ పోరాటం ఇంకా సాగుతుండగానే 1950లో హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. చట్టం చెప్పిన కాలంలో వరుసగా ఆరేళ్లు సాగు చేసినవారిని ‘రక్షిత కౌలుదారు’గా గుర్తించి రిజిస్టర్లలో రాశారు. ఈ హక్కు వారసులకూ వస్తుంది. తగాదా తీర్చాల్సింది తాసీల్దార్. ఇందులో అన్నిటికన్నా విలువైన నియమం ఒకటుంది: కౌలుదారు భూమి వదులుకున్నాడని యజమాని చెబితే చాలదు, ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి, తాసీల్దార్ ముందు కౌలుదారు స్వయంగా ఒప్పుకోవాలి. బెదిరించి వేలిముద్ర వేయించుకునే అలవాటుకు ఇదే అడ్డుకట్ట. తర్వాత చేరిన 38-ఈ సెక్షన్ రక్షిత కౌలుదారులను పరిమితికి లోబడి యజమానులనే చేసింది. తెలంగాణలో చాలాచోట్ల అది అమల్లోకి వచ్చిన తేదీ 1973 జనవరి 1. కానీ సర్టిఫికెట్ చేతికొచ్చినా పట్టా మారని కుటుంబాలు మిగిలిపోయాయి. ఇది చట్టం లోపం కాదు, అమలు చేసినవారి వైఫల్యం.

ఇప్పటి కౌలుదారు పరిస్థితి అంతకన్నా బలహీనం. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. అయితే 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే అందింది. కౌలు కాగితం రాసిస్తే భూమి పోతుందన్న యజమానుల భయమూ తగ్గలేదు.

ఇంటి కిరాయిది వేరే దారి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పట్టణాలకు ఉద్దేశించింది, గ్రామాలకు కాదు. కాబట్టి పల్లెలో ఇల్లు గానీ దుకాణం గానీ ఖాళీ చేయించాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. నెలవారీ కిరాయికి, వేరే ఒప్పందం లేకుంటే, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. వినకపోతే సివిల్ కోర్టుకు వెళ్లాలి. తాళం పగలగొట్టి సామాను బయట పడేసే హక్కు ఏ యజమానికీ లేదు.

ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టంతో హక్కుగా మారింది. అది 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతోనే వకీలును పెడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకం చేసేముందు షరతులన్నీ చదివించుకోవాలి. లింగాల ఘనపూర్ మండలం 2016 అక్టోబరులో జనగామ జిల్లాలో చేరింది. 2022 జూన్ 2న కొత్త న్యాయ జిల్లాలు మొదలయ్యాక జిల్లా కోర్టు కూడా జనగామకే వచ్చింది. సహాయం కోరేవారు అక్కడి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.