చందుపట్ల శిల

రాజులు తమ కీర్తికై నిలుపుకొనిన జయస్తంభములకంటె, సేవకు డొకడు తన యేలికకై పాతించిన రాయి యొక్కొక్కప్పుడు చరిత్రకు మిక్కిలి మేలు చేయును. నల్లగొండ జిల్లా నకిరేకల్లు చెంతనున్న చందుపట్ల శాసన మట్టిది.

కాకతి రుద్రమదేవి 1262 మొదలు రాజ్య మేలినది. ఆడుది సింహాసన మెక్కుట కొందఱు సామంతులకు గిట్టలేదు. రుద్రదేవమహారాజను పురుషనామము ఆమె శాసనములలో గానవచ్చును. ఆమె మరణమునుగూర్చి పండితులు చిరకాలము ఊహలతోడనే కాలము గడపిరి. 1295 వఱకును ఏలినదని పలువురు వ్రాసిరి.

ఆ యూహలను చందుపట్ల రాయి త్రోసివైచినది. 1289 నవంబరులో దానిని వేయించినవాడు పువ్వుల ముమ్మడి, సేనాని మల్లికార్జున నాయకుని భృత్యుడు. రాణియు సేనానియు శివలోకమున కేగిరని చెప్పి, వారి పుణ్యమునకై దేవునికి భూదానము చేసెను. తిరుగబడిన కాయస్థ అంబదేవునితోడి పోరులో వారిరువురును కూలిరని చరిత్రకారులు దీనినిబట్టియే తలంచుచున్నారు. ఆ అంబదేవుడు మఱుసటియేట త్రిపురాంతకమున తన విజయములను ఘనముగా చెక్కించుకొన్నాడు. ముమ్మడికి చెప్పుకొన విజయ మేదియు లేదు.

ఇట్టి రాళ్లు మన పల్లెలలో చాకిరేవు బండలును, గడపలును అగుచున్నవి. నిధులున్నవని పగులగొట్టువారును గలరు. బడిలో రాజుల తేదీలు వల్లెవేయించు మనము ఊరిరాతిని బాలురకు, బాలికలకు చూపము. హైదరాబాదు ట్యాంకుబండుపై రుద్రమకు విగ్రహ మున్నది, సంతోషమే. అట్టి విగ్రహముల ఖర్చులో వెయ్యవ పాలు వెచ్చించినను, ఎండవానలకు నానుచున్న శాసనములకు తాటాకు పందిరియైన అమరును.