నూనెను కడిగిన మందు - రొయ్యల సాక్ష్యము

1967 మార్చి 18వ తేదీ ఉదయమున టోరీ కాన్యన్ అను చమురు నౌక, ఇంగ్లండు నైరృతి కొసను, కార్న్‌వాల్ తీరమునకును సిల్లీ దీవులకును నడుమ నున్న సెవెన్ స్టోన్స్ అను రాతితిప్పపైకెక్కి చీలిపోయెను. దాని గర్భమున సుమారు 1,19,000 టన్నుల కువైట్ ముడిచమురు ఉండెను. అంత పెద్ద చమురు ప్రమాదమును అంతవరకు ఎవరును చూచి యెరుగరు. ఏమి చేయవలెనో చెప్పు గ్రంథము లేదు. ప్రభుత్వమువారు విమానములచేత నౌకపై బాంబులు వేయించిరి. తీరమునకు చేరిన చమురుపై డిటర్జెంట్లను గుమ్మరింపజేసిరి.

ఆ గుమ్మరించిన మందు సుమారు 10,000 టన్నులు. సైనికులు గొట్టములతో చిమ్మిరి. కొన్నిచోట్ల పీపాలకు పీపాలే కొండకొమ్ములనుండి క్రిందికి ఒంపిరి. నల్లని జిడ్డు తెల్లని పాలవలె విరిగి సముద్రములో కలిసిపోవుచుండగా చూచువారికి ఎంతో తృప్తి కలిగియుండవలెను. శుభ్రపడినదని తోచినది.

ప్లిమత్ నగరములోని సముద్రజీవశాస్త్ర సంఘమువారి పరిశోధనాలయము తన నిత్యకార్యములను ప్రక్కనుంచి తీరము వెంబడి పరీక్షలకు పూనుకొనెను. 1968లో వెలువడిన వారి నివేదిక సారాంశము ఇది: తీరజీవులను చంపినది చమురుకంటె చమురును కడిగిన మందే హెచ్చు. రాళ్లను కరచుకొని, వానిపైని నాచును గీకి తిని బ్రతుకు లింపెట్ అను చిన్న గుల్లప్రాణి ఒకటి కలదు. మందు చల్లిన రాళ్లపై అది గంపగుత్తగా చచ్చెను. మేసెడు ప్రాణి పోగానే రాళ్లన్నియు పచ్చని నాచుతో కప్పబడెను. సీలు జంతువులకు హాని కలుగునన్న జంకుతో గాడ్రెవీ అనుచోట మందు చల్లక విడిచిపెట్టిరి. అచ్చటి లింపెట్లు చాలవరకు బ్రతికి, చమురంటిన రాతినే గీకి శుభ్రముచేయ మొదలిడెను. అచ్చట రెండు మూడేండ్లలో పూర్వస్థితి నెలకొన్నది. మందు గుమ్మరించిన చోట్ల పది పదునైదేండ్లు పట్టినది.

తప్పెక్కడ జరిగినది? ఆ మందులో చమురును విడగొట్టు పదార్థము కొంత. అది కరగుటకై కలిపిన ఘాటైన ఆరోమాటిక్ ద్రావకము చాల ఎక్కువ. అవి ఓడల యంత్రపు గదులు కడుగుకొనుటకు తయారైనవేగాని, ప్రాణులున్న నీటికై తయారైనవి కావు. ఈ సంగతి ముందుగా తెలిసియుండవలసినది కదా అని మనము నేడు సులభముగా అనవచ్చును. కాని అడిగి తెలిసికొనుటకు ఒక కొలత కావలెను.

ఆ కొలతను ఎసెక్స్‌లోని బర్నమ్-ఆన్-క్రౌచ్ మత్స్యపరిశోధనాలయమువారు 1968లో ప్రకటించిరి. పద్ధతి నిరాడంబరమైనది. తొట్లలో సముద్రపు నీరుపోసి, ఒక్కొక్కదానిలో మందును ఒక్కొక్క మోతాదున కలిపి, గోధుమరంగు రొయ్యలను వదలి, 48 గంటలైన పిదప ఎన్ని చచ్చెనో లెక్కింపవలెను. మందులేని తొట్టి ఒకటి ప్రక్కన ఉండితీరవలెను; అందులోని రొయ్యలును చచ్చినచో నేరము మందుది కాదు. సగము ప్రాణులను చంపు మోతాదే లెక్క. సగమే ఎందుకనగా, అందరికంటె బలహీనమైనదియు అందరికంటె మొండిదియు ప్రతిసారి మారుచుండును; నడిమివి మాత్రము నిలకడగా బదులు చెప్పును. 1927లో ట్రెవన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఔషధముల బలమును కొలుచుటకు చూపిన మార్గమే ఇది.

కార్న్‌వాల్ తీరమున వాడిన మందులలో కొన్ని, పదిలక్షల పాళ్ల నీటికి పదిపాళ్లలోపే కలిపినను సగము రొయ్యలను చంపెను. కొత్తగా వచ్చిన కొన్నింటికి వేయిపాళ్లు దాటవలసివచ్చినది. ఈ కొత్తవానిలో ముఖ్యమైనవి కొవ్వు ఆమ్లముల ఎస్టర్లు. మన వేరుశనగ నూనెలో పుష్కలముగానున్న ఓలియిక్ ఆమ్లమును సార్బిటాల్ అను చక్కెరజాతి పదార్థముతో జతచేసినచో, ఒక కొస నూనెను, ఒక కొస నీటిని పట్టుకొను అణువు లభించును. ఈ జాతివే ఐస్‌క్రీములోను వేయుదురు. తినదగినదైనంతమాత్రమున నీటిలో నిరపాయమని అనరాదు. నూనెను విడగొట్టు గుణమే రొయ్య మొప్పలపైని పలుచని పొరలను కూడ బాధింపగలదు. బాధ తక్కువ, అంతే.

పిమ్మట బ్రిటనులో మరియొక ప్రశ్న పుట్టినది. సముద్రములో మందు ఒంటరిగా ఉండదు, చమురుతో కలిసియుండును. కావున రొయ్యలను చమురులో మాత్రమే ఉంచి ఒక లెక్క, చమురును మందును కలిపి ఇంకొక లెక్క తీసిరి. రెండవది మొదటిదానికంటె హెచ్చుగా చంపరాదు. రాతితీరమునకు లింపెట్లపై వేరుగా పరీక్ష. చచ్చిన లింపెట్లకు ఈమాత్రపు న్యాయమైనను జరిగినదని మేము అనుకొందుము.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ వేదిక పేలిన పిమ్మట సుమారు 70 లక్షల లీటర్ల మందును వాడిరి. అందధికభాగమైన కోరెక్సిట్ 9500లో పైని చెప్పిన సార్బిటాన్ ఎస్టర్లు కలవు. అవిగాక వేరొక ఘాటైన సబ్బుజాతి పదార్థమును, పెట్రోలియపు ద్రావకమును కలవు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చిన్న మైసిడ్ రొయ్యలపై 48 గంటల పరీక్ష జరిపి, పదిలక్షలకు 42 పాళ్లని తేల్చి, 'స్వల్ప విషము' అను వర్గమున చేర్చెను. చమురుతో కలిపినపుడు ఇంచుమించు చమురంత విషమే యనెను. ఇట్టి మాటలను వార్తలలో చదువువారము గనుక చెప్పుచున్నాము: 'స్వల్ప' మనునది ఆ వర్గము పేరే గాని ఊరట మాట కాదు. రెండు దినములలో చావనిది మూడవనాడు మేయునా, గ్రుడ్లు పెట్టునా అనుదానికి ఆ అంకెలో జవాబు లేదు.

అంతేకాదు. ఆ మందులో మూడవవంతుకంటె హెచ్చు నీటిపై చల్లినది కాదు. 1,500 మీటర్ల లోతున బావి మూతివద్దనే ఎక్కించిరి. పరీక్షకు వాడు రొయ్యలు 25 డిగ్రీల నీటిలో, పరిశోధనాలయమున పెరిగినవి. ఆ లోతున నీరు నాలుగైదు డిగ్రీలు మాత్రమే.