చీకట్లో నెమలి, నెక్కొండలో పులి

కృష్ణానగర్‌లో ఉంటున్నానంటే మా ఊళ్ళో అందరూ నేను సినిమాల్లో చేరాననుకుంటారు. పొద్దున్నే షూటింగ్ వ్యాన్ల కోసం రోడ్డు మీద నిలబడే జూనియర్ ఆర్టిస్టుల మధ్య నుంచి, లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఆఫీసు క్యాబ్ ఎక్కే నాలాంటి వాళ్ళు కూడా ఇక్కడ బోలెడంతమంది. అద్దె గది, కింద మెస్సు, ఓపికుంటే నడిచి వెళ్ళే దూరంలో కేబీఆర్ పార్కు. అక్కడ దసరా అయ్యాక ఓ ఆదివారం తీసిన నెమలి ఫొటోతో మొదలైందీ గొడవ.

పైన తెల్లటి ఆకాశం, కింద పొద చీకట్లో నెమలి. కెమెరా ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ లెక్కేసుకుంది, నెమలి కాస్తా బొగ్గుముద్దయింది. ఫొటోషాప్‌లో నీడల్ని పైకి లాగితే తలా, మెడా తేలాయి గానీ, వెనక భాగమంతా రంగురంగుల ఇసుక చల్లినట్టుంది. ఆఫీసులో ఫొటో పోటీకి గడువేమో ఆ రాత్రే. ఇంకేముంది, జూన్‌లో తీసిన ఇంకో నెమలి పింఛం తెచ్చి అతికించేశాను. మొదటి బహుమతి, ఒక కాఫీ కప్పు! "ఈకల్లో అంత డీటెయిల్ ఎలా లాగావ్ బాసూ?" అని అడిగిన ప్రతివాడికీ ఓ నవ్వు నవ్వి ఊరుకున్నాను.

"ఎడిటింగ్ అంటేనే మాయ, ఎప్పట్నుంచో అందరూ చేసేదే" అని మనసుకి సర్దిచెప్పుకుందామని దాని చరిత్ర తిరగేశాను. అక్కడ దొరికిపోయాను.

ముందు మన హైదరాబాదు సంగతే చూడండి. రాజా దీన్‌దయాళ్ కూడా మనలాగే ఇంజనీరింగ్ బాపతు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో కుదురుకుని, చివరికి ఫొటోల పిచ్చితో ఉద్యోగమే వదిలేశాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో ఫొటోగ్రాఫరయ్యాడు. 1902లో వైస్రాయి కర్జన్ వేటకొచ్చినప్పుడు, వరంగల్ దగ్గర నెక్కొండ క్యాంపులో చచ్చిన పులితో కర్జన్ దంపతులు దిగిన ఫొటో ఆయన స్టూడియోదే.

అప్పటి అడవి ఫొటోల్లో చచ్చిన జంతువులే ఎక్కువ ఎందుకుంటాయంటే, వేట గొప్ప చాటుకోవడం ఒక కారణం, కదిలే పులిని పట్టేంత వేగం ఆ బరువైన కెమెరాలకి లేకపోవడం ఇంకో కారణం. పైగా ఆ కాలపు గాజు ప్లేట్లకి నీలం బాగా కనిపించేది, ఎరుపు దాదాపు కనిపించేదే కాదు. దాంతో ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది, పులి ఒంటి నారింజ రంగు చారల నలుపు వైపు జరిగిపోతుంది. టెక్స్‌చర్ కష్టాలు మనతో మొదలవలేదన్నమాట.

దానికి మందు డార్క్‌రూములో ఉండేది. ప్రింటు వేసేటప్పుడు, మరీ నల్లబడే చోట తీగకి గుచ్చిన అట్టముక్కని కాసేపు అడ్డం పెడితే, అక్కడ కాగితం తక్కువ నల్లబడి లోపలున్నది కనిపిస్తుంది. ఫొటోషాప్‌లో డాడ్జ్ టూల్ బొమ్మ ఆ అట్టముక్కే! 1990లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ని తమ్ముడు జాన్‌తో కలిసి రాసిన థామస్ నోల్, వాళ్ళ నాన్న డార్క్‌రూములో పని నేర్చుకున్నవాడే. అన్‌షార్ప్ మాస్క్ కూడా అక్కడిదే. నెగెటివ్‌కి దాని మసక కాపీని జతచేసి ప్రింటు తీస్తే, అంచులు ఇంకా పదునుగా వచ్చేవి.

అయితే ఆ అట్టముక్కకీ ఒక హద్దుంది. నెగెటివ్ మీద వెలుగు అసలు పడని చోట ఉండేది ఖాళీయే, ఎంతసేపు అడ్డం పెట్టినా ఏమీ రాదు. అందుకే 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌లు తయారుచేసిన జోన్ సిస్టమ్‌లో, నీడలో ఎంత కనబడాలో షటర్ నొక్కకముందే తేల్చుకోవాలి.

మన డిజిటల్‌లోనూ అంతే. 12 బిట్ల రా ఫైల్‌లో 4096 మెట్లుంటే, అన్నిటికంటే వెలుగున్న ఒక్క స్టాప్‌కే 2048 పోతాయి. దాని కింద 1024, తర్వాత 512... ఆరో స్టాప్‌కి వచ్చేసరికి మిగిలేవి 64. నా నెమలి ఉన్నది ఆ అడుగున. రంగురంగుల ఇసుక వచ్చిందంటే రాదూ మరి!

అతికించడం కొత్తేం కాదు. 1850ల్లోనే ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే ఒక నెగెటివ్‌లోంచి సముద్రాన్ని, ఇంకోదాన్లోంచి ఆకాశాన్ని తీసి ఒకే ప్రింటు చేశాడు. కానీ ఆయన చేసింది ఒక చిత్రం. నేను చెప్పింది మాత్రం "ఆ రోజు ఆ పక్షి ఇలా ఉంది" అని.

మనసొప్పక రా ఫైల్ మళ్ళీ తెరిచాను. నలుపు తెలుపులోకి మార్చి, రంగుల రొద పోయాక నీడల్ని మెల్లగా లేపాను. అప్పుడు కనబడింది. దానికి పింఛమే లేదు! పొట్టి తోక, వెనకాల మిగిలిన రెండే రెండు పొడుగీకలు. మగ నెమలి వానాకాలం అయ్యేసరికి పింఛం రాల్చేసుకుని మళ్ళీ పెంచుకుంటుంది కదా. ఆ నీడలో దాక్కున్న అసలు కబురు అది. నేను దాన్ని బయటికి తియ్యలేదు సరికదా, పైన జూన్ నెల కప్పేశాను.

సోమవారం కప్పు తిరిగిచ్చేశాను. "పర్లేదు ఉంచుకో" అన్నారు, ఉంచుకోలేదు.

కొత్త ప్రింటు గదిలో గోడకి పెట్టాను. గరుగ్గా, బూడిద రంగులో ఉంటుంది. మెస్ అన్నకి చూపిస్తే "నాటుకోడా సార్?" అన్నాడు.

కాదన్నా, నెమలే. అక్టోబరు నెమలి.