పెంపుడు కుక్కల చిరుతిళ్ళ లేబుళ్ళు

పెంపుడు కుక్కల చిరుతిళ్ళ లేబుల్ అనగా కుక్కలకు పెట్టే బిస్కట్లు, ఎండు మాంసపు ముక్కలు, నమిలే కడ్డీలు మొదలైన తినుబండారాల ప్యాకెట్టుపై ముద్రించే సమాచారం. ఇందులో అతి ముఖ్యమైనది పదార్థాల జాబితా. మనుషులకు హాని చేయని కొన్ని పదార్థాలు కుక్కలకు విషతుల్యమైనవి. అందువల్ల కుక్కల కోసం తయారైన ప్యాకెట్టునే కాక, మనుషుల కోసం కొన్న ప్యాకెట్టు లోనిది కుక్కకు పెట్టేటప్పుడు కూడా ఈ జాబితాను చదవటం అవసరం.

నేపథ్యం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. తెలంగాణలోని ఇతర ప్రాంతాలలో వలెనే ఇక్కడి పల్లెలలోనూ కుక్కలకు ఇంట్లో మిగిలిన అన్నం, కూరలు పెట్టటం, టీ కొట్టు వద్ద బిస్కట్లు వేయటం పరిపాటి. పట్టణాలలోని దుకాణాల ద్వారా, ఆన్‌లైన్ ద్వారా కుక్కల చిరుతిళ్ళు కూడా లభిస్తాయి. వీటి లేబుళ్ళు ఎక్కువగా ఇంగ్లీషులో ఉండటం వలన తెలుగు మాత్రమే చదవగలిగినవారికి జాబితాలోని విషయం తెలియదు. హానికరమైన పదార్థాల ఇంగ్లీషు పేర్లను, సంఖ్యలను గుర్తుపట్టగలగటం ఇందుకు ఒక పరిష్కారం.

చట్టాలు, ప్రమాణాలు

భారతదేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మనుషుల ఆహారానికి వర్తిస్తుంది. పశువుల దాణాను ఈ చట్టం ఆహారం యొక్క నిర్వచనం నుండి మినహాయించింది. ఈ చట్టం క్రింద 2020లో వెలువడిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పదార్థాలను వాటి బరువు లేదా పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుండి తక్కువకు వరుసగా పేర్కొనాలి. వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలోని హిందీలో గాని ఉండాలి. ఇతర భాషలు ఐచ్ఛికం.

కుక్కలు, పిల్లుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 11968 అనే ప్రమాణాన్ని రూపొందించింది. తయారీదారు చిరునామా, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర వంటి వివరాలు 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ నియమాల పరిధిలోకి వస్తాయి.

చతురస్రంలోని ఆకుపచ్చ చుక్క శాకాహారాన్ని మాత్రమే సూచిస్తుంది. కుక్కకు అది సురక్షితమని దాని అర్థం కాదు. ఎండుద్రాక్ష కలిపిన కేకుపై కూడా ఆకుపచ్చ చుక్క ఉండవచ్చు.

జాబితాను చదివే పద్ధతి

జాబితాలో మొదట ఉన్న పదార్థం బరువులో అన్నిటికంటే ఎక్కువ. అయితే పచ్చి మాంసంలో అధిక భాగం నీరే కనుక, మాంసం మొదట ఉన్నప్పటికీ ఆరిన తరువాత దాని వాటా తగ్గుతుంది. గోధుమపిండి, మొక్కజొన్నపిండి, నూకలు అని ధాన్యాలను విడివిడిగా చూపినప్పుడు ఒక్కొక్కటి క్రిందికి పోయి, మాంసం పైకి వచ్చినట్లు కనిపిస్తుంది. ప్యాకెట్టు ముందు భాగంలో "చికెన్ ఫ్లేవర్" అని ఉంటే అది రుచిని తెలుపుతుందే తప్ప కోడిమాంసం ఎంత ఉన్నదీ తెలుపదు.

జాబితా చివర ఉన్న పదార్థాలు పరిమాణంలో స్వల్పమైనా, ప్రమాదకరమైనవి తరచుగా అక్కడే ఉంటాయి. వీటిని కొన్నిసార్లు పేరుతో కాక ఐఎన్‌ఎస్ అనే అంతర్జాతీయ సంఖ్యతో సూచిస్తారు.

హానికరమైన పదార్థాలు

* జైలిటాల్ (ఐఎన్‌ఎస్ 967): చక్కెర లేని చూయింగ్ గమ్, కొన్ని మిఠాయిలు, టూత్‌పేస్టులలో వాడే తీపి పదార్థం. "బర్చ్ షుగర్" అనే పేరుతో కూడా ఉండవచ్చు. ఇది కుక్క శరీరంలో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. కిలో శరీర బరువుకు సుమారు 0.1 గ్రాము చేరితే ఈ ప్రమాదం ఉంటుంది. అనగా 10 కిలోల కుక్కకు 1 గ్రాము చాలు. మోతాదు కిలోకు 0.5 గ్రాము దాటితే కాలేయం దెబ్బతినవచ్చు.

* కోకో సాలిడ్స్, కోకో పౌడర్: చాక్లెట్టులోని థియోబ్రోమిన్‌ను కుక్కలు చాలా నెమ్మదిగా విసర్జిస్తాయి. కిలోకు 20 మిల్లీగ్రాముల వద్ద వాంతులు, విరేచనాలు, అస్థిమితం మొదలవుతాయి. 40 నుండి 50 మిల్లీగ్రాముల వద్ద గుండె లయ తప్పుతుంది. 10 కిలోల కుక్క విషయంలో సుమారు 90 గ్రాముల పాల చాక్లెట్టు గాని, సుమారు 40 గ్రాముల డార్క్ చాక్లెట్టు గాని తొలి లక్షణాలకు సరిపోతుంది.

* రైజిన్స్, కరెంట్స్, గ్రేప్: ఇవి ద్రాక్ష, ఎండుద్రాక్షలకు లేబుళ్ళపై ఉండే పేర్లు. వీటివలన మూత్రపిండాలు విఫలం కావచ్చు. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేరు. ఇందుకు టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్య విషశాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. ఈ ఆమ్లం (ఐఎన్‌ఎస్ 334), దాని పొటాషియం లవణాలు (ఐఎన్‌ఎస్ 336) లేబుళ్ళపై సంఖ్యలుగా ఉండవచ్చు.

* ఆనియన్ పౌడర్, గార్లిక్ పౌడర్: ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేసి రక్తహీనత కలిగిస్తాయి. కిలోకు 15 నుండి 30 గ్రాముల పచ్చి ఉల్లి కుక్కలకు హాని చేయగలదు; పొడి రూపంలో ఇంకా తక్కువ చాలు. లక్షణాలు కొన్ని రోజుల తరువాత కనిపించటం వలన కారణం గుర్తించటం కష్టం. "మసాలా", "సీజనింగ్" అనే మాటల వెనుక ఇవి ఉండవచ్చు.

లేబుల్ లేని ఆహారం

ఇంటి వంటకు లేబుల్ ఉండదు గాని ఇదే పద్ధతి వర్తిస్తుంది. తెలంగాణ ఇళ్ళలో చేసే పచ్చిపులుసులో చింతపండు, పచ్చి ఉల్లి రెండూ ఉంటాయి. చింతపండులో టార్టారిక్ ఆమ్లం అధికం. పులిహోర, సాంబారు కలిపిన అన్నానికి కూడా ఇదే జాగ్రత్త అవసరం. కిస్‌మిస్ వేసిన సేమ్యా పాయసం కుక్కకు తగదు. వీటికి బదులుగా ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, గుమ్మడికాయ, క్యారెట్ ముక్కలు ఆరోగ్యమైన కుక్కకు చిరుతిండిగా పనికివస్తాయి. చిరుతిళ్ళ వాటా రోజువారీ కేలరీలలో 10 శాతం మించరాదని పశుపోషక నిపుణుల సూచన.

లేబుల్ పరిమితులు

లేబుల్‌పై రాసినదే లోపల ఉన్నదని ప్రతిసారీ చెప్పలేము. 2007లో అమెరికా, కెనడాలలో అనేక కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి మరణించాయి. వాటి ఆహారంలో వాడిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కల్తీ జరిగినట్లు తేలింది. ప్రోటీన్‌ను నత్రజనిని బట్టి లెక్కిస్తారు కనుక, నత్రజని అధికంగా ఉండే మెలమైన్ ఆ లెక్కను పెంచి చూపింది. దీని పర్యవసానంగా పెద్ద ఎత్తున ఉత్పత్తులను వెనక్కి తీసుకున్నారు.

ప్రమాదం జరిగినప్పుడు

హానికరమైన పదార్థం తిన్నట్లు తెలిసిన వెంటనే, లక్షణాల కోసం వేచి ఉండకుండా పశువైద్యుని సంప్రదించాలి. జైలిటాల్ ప్రభావం అరగంట లోపే మొదలు కావచ్చు. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించటం ప్రమాదకరం. దానివలన రక్తంలో సోడియం పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. ఖాళీ ప్యాకెట్టును పారవేయక వెంట తీసుకుని వెళ్ళాలి. జాబితాలోని పేర్లు, సంఖ్యలు, తిన్న పరిమాణం, తిన్న సమయం, కుక్క బరువు తెలిస్తే వైద్యుడు మోతాదును లెక్కించి చికిత్సను నిర్ణయించగలడు. ఈ మూడు జిల్లాలకు పొరుగున, వరంగల్ సమీపంలోని మామునూరులో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది.